ఇసుక మీద కబడ్డీ కోర్టు

ఏటా ఏప్రిల్ చివర్లో జిల్లా ఆఫీసు నుంచి మా బడికి ఒక కాగితం వస్తుంది. వేసవి ఆటల శిబిరం ఎన్ని రోజులు జరపాలి, పొద్దున ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, సాయంత్రం ఎన్నింటికి ముగించాలి, మైదానం ఎట్లా ఉండాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. పడమటి కొండల కింద ఉన్న బడికీ, నెల్లూరు పట్నంలో ఉన్న బడికీ, అలల చప్పుడు తరగతి గదిలోకి వినపడే మా బడికీ అదే కాగితం. నేను ఎర్ర పెన్ను తీసుకుని టైములు కొట్టేసి, పక్కన మా టైములు రాసి, సంతకం పెట్టి తిరిగి పంపిస్తాను. ఒకసారి సంజాయిషీ అడిగారు. దానికీ జవాబు రాసి పంపించాను.

మొదటి ఏడు, మొదటి రోజుల్లో మాత్రం ఆ కాగితంలో ఉన్నదాన్ని ఉన్నట్టు పాటించాను. దాని ఫలితం ఇప్పటికీ మరిచిపోలేదు.

నేను ఆటల టీచరును. పుట్టింది కొడవలూరు దగ్గర ఒక పల్లెలో. మా నాన్న ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు, మిగిలిన ఆరు రోజులూ వరి మడిలో ఉండేవాడు. గట్ల మీద పరుగెత్తి, కోతలయ్యాక ఎండిన మళ్లలో కబడ్డీ ఆడి పెరిగాను. ఉద్యోగం వచ్చిన ఊరు అట్లాంటిది కాదు. చిట్టమూరు దాటి తూర్పుకు పోతే, రొయ్యల గుంటలూ ఉప్పు తేలిన బీడూ దాటాక, ఇసుక దిబ్బల మధ్య ఒక పాలెం ఉంది. చేపల వేట మీద బతికే కుటుంబాలవి. బడికి ప్రహరీ గోడ ఉంది గానీ మైదానమంటూ లేదు. గోడకు లోపలా ఇసుకే, బయటా ఇసుకే.

చేరిన ఏడాదే ఆడపిల్లలకు కబడ్డీ శిబిరం కావాలని అడిగి తెచ్చుకున్నాను. పద్నాలుగు మంది పేర్లిచ్చారు. వాళ్లలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అందరికన్నా పొడుగు. తండ్రి పడవ మీద పోతాడు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. ఆ పిల్ల కూతకు వెళ్లి చెయ్యి చాపితే అవతల ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి తగ్గేవాళ్లు. ఎవరూ నేర్పకుండానే అంత ఆట ఉన్న పిల్ల, నేర్పితే ఎంత దూరం పోతుందో అనుకున్నాను.

కాగితం ప్రకారం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఆడించాలి. మూడో రోజు ఎనిమిదింటికి గాలి పూర్తిగా స్తంభించింది. తర్వాత పడమటి నుంచి వేడి గాలి మొదలైంది. ఇసుక పెనంలాగా కాలుతోంది. పిల్లలు కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నారు. ఇంకో అరగంటే కదా అని నేను ఈల వేశాను. పొడుగు పిల్ల కూతకు వెళ్లింది, గీత దాటింది, కూత మధ్యలో తెగిపోయింది. జారి పడిందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే కళ్లు తేలేసి ఉంది. ఒళ్లు నిప్పులాగా ఉంది, చెమట చుక్క లేదు.

నలుగురం ఎత్తుకుని వరండాలోకి తెచ్చాం. కుండలో నీళ్లన్నీ ఆ పిల్ల మీద కుమ్మరించాం. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు దారంతా తల నా ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాను. సెలైన్ ఎక్కించాక మధ్యాహ్నానికి కళ్లు తెరిచి, తాను అవుటయిందా లేదా అని అడిగింది. ఆసుపత్రి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

మరుసటి రోజు శిబిరానికి ముగ్గురే వచ్చారు. హెడ్మాస్టరుగారు మంచి మనిషే. శిబిరం జరిగిపోయినట్టు రాసి పంపేద్దామనీ, నాకు చెడ్డపేరు రాదనీ చెప్పారు. జరగనిది జరిగినట్టు రాయనన్నాను. సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లాను.

నాయనమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చోమనలేదు. ఆ వరస మొత్తం తిరగేసింది. చివరికి తల ఎత్తి చూసింది.

“చదువుకున్నదానివి గదా, గాలి తెలీదా నీకు? పడమటి గాలి తోలేటప్పుడు మా మగోళ్లే ఇసకలో కాలు పెట్టరు. నువ్వు బిడ్డల్ని పరిగెత్తిస్తివి.”

తప్పు నాదే అన్నాను. పై నుంచి టైములు అట్లా ఇచ్చారని కూడా అనబోయి, అది సాకు అవుతుందని ఆగిపోయాను. ఎప్పుడు ఆడించాలో ఆమెనే చెప్పమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది, నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు.

“వేగుచుక్క పొడిచినాక రాండి. అప్పుడు నీళ్ల అంచున ఇసక గట్టిగా ఉంటాది. పొద్దు ఎక్కేలోపల ఇళ్లకు పోవాల. మళ్లా సాయంత్రం, సముద్రం గాలి తిరిగినాక. ఒకనాడు తొందరగా తిరగతాది, ఒకనాడు తిరగనే తిరగదు. తిరగని నాడు ఆట లేదు. నీ గడియారం చూసి రాదమ్మా గాలి.”

మర్నాడు తెల్లవారుజామున ఆమె స్వయంగా మనవరాలిని వెంటబెట్టుకుని ఒడ్డుకు వచ్చింది. ఆమెను చూసి మిగిలిన ఇళ్లవాళ్లు కూడా పిల్లల్ని మళ్లీ పంపారు. డాక్టరు చెప్పినట్టు ఆ పిల్ల వారం రోజులు ఆడకుండా కూర్చుని చూసింది. కూర్చున్నన్ని రోజులూ నా మీద కోపంగానే ఉంది.

నేను ఆ సముద్రపు ఒడ్డు మీద కొత్తగా చదువుకోవడం మొదలుపెట్టాను. అల వెనక్కి పోయాక మిగిలే తడి అంచు మీద పరుగు. దిబ్బ ఎక్కడానికి మోకాలిదాకా దిగబడే పొడి ఇసుక. మెత్తటి ఇసుకలో పడటమంటే పిల్లలకు ఆటే. పట్టు పట్టడం నేర్పేటప్పుడు ఒకరి మీద ఒకరు దూకి, పడి, నవ్వుకుంటూ లేచేవాళ్లు. పది రోజుల్లో వాళ్ల పిక్కలు గట్టిపడ్డాయి. సాయంత్రం ఆ పిల్ల అవ్వ తన వాకిట్లో నిలబడి కొంగు గాలికి వదిలి చూసేది. చెయ్యి ఎత్తితే మేం మొదలుపెట్టేవాళ్లం. ఎత్తకపోతే వరండాలో కూర్చుని ఆట నియమాలు చెప్పుకునేవాళ్లం. రోజూ రిజిస్టరులో ఏ టైముకు ఆడామో ఆ టైమే రాశాను.

అదే కొంప ముంచింది. రిజిస్టరు నకలు చూసిన అధికారి ఒకాయన ఒకరోజు ఎనిమిదింటికి జీపులో దిగాడు. ఆయన వచ్చేసరికి ఆట అయిపోయింది, పిల్లలు ఇళ్లకు పోయారు. ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఆటగాడేనని నడకలోనే తెలుస్తోంది. ఆడే చోటు చూపించమన్నాడు. ఒడ్డుకు తీసుకుపోయాను. ఆయన బూట్లు ఇసుకలో దిగబడుతున్నాయి.

“ఇది గ్రౌండు కాదమ్మా, బీచి. ఇసకలో ఆడిన పిల్లలు రేపు గట్టి నేల మీద ఏం ఆడతారు? నెల్లూరు క్యాంపులో కలిపేయండి. అక్కడ హాస్టలుంది, నీడ ఉంది.”

ఈ పిల్లలను ఇళ్లల్లో అంత దూరం పంపరని చెప్పాను. ఈ ఊరి ఆడపిల్లలు ఆడితే ఈ ఊళ్లోనే ఆడాలి, లేకపోతే లేదు అన్నాను. రూలు ప్రకారం ఈ శిబిరాన్ని కొనసాగించడం కుదరదన్నాడాయన.

“రూలు ప్రకారం మూసెయ్యండి సార్. రేపు పొద్దున ఆట మాత్రం ఉంటుంది.”

ఆయన బూట్లలో ఇసుక దులుపుకుని జీపెక్కాడు. ఆ వారంలోనే శిబిరం రద్దయినట్టు ఉత్తర్వు వచ్చింది. పిల్లలకు ఇచ్చే గుడ్లూ అరటిపళ్లూ ఆగిపోయాయి. టీ షర్టులు రాలేదు. కబడ్డీకి ఏం కావాలి? గీత గీయడానికి ఒక కట్టెపుల్ల చాలు. ఇళ్లల్లోంచి చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ వచ్చేవి. అప్పుడు వేట నిషేధం ఉన్న రోజులు కాబట్టి పెద్ద పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాటి నీడన కూర్చుని తినేవాళ్లం. శిబిరం ఎన్ని రోజులుండాలని కాగితంలో ఉందో అన్ని రోజులూ నడిపి, మీద ఇంకో వారం నడిపాను.

వేసవి చివర నెల్లూరులో పోటీలు జరిగాయి. శిబిరాల జట్టుగా మమ్మల్ని రానివ్వరు కాబట్టి బడి జట్టుగా పేరిచ్చాను. పిల్లలు మొట్టమొదటిసారి అంత పెద్ద మైదానం చూశారు. ఎర్రమట్టి నేల, రోలరు తిప్పి రాయిలాగా చేశారు. మా మొదటి పిల్ల కూతకు వెళ్లింది. అవతలి వాళ్లు కాలు పట్టి లాగారు. లేచేసరికి మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయి ఉన్నాయి. దాంతో మిగిలినవాళ్లకు ధైర్యం పోయింది. ఇసుకలో చేపపిల్లల్లాగా దూకే పిల్లలు అక్కడ ఒంగడానికి కూడా వెనకాడారు. కాళ్లు జారుతున్నాయి, ఎక్కడ ఆపుకోవాలో తెలియడం లేదు. పొడుగు పిల్ల ఒక్కతే పోరాడింది. ఒక్కతి ఎంతని ఆడుతుంది? చిత్తుగా ఓడిపోయాం. అవతలి జట్టు కోచ్ ఎవరితోనో అంటుంటే వినపడింది, ఇసుకలో ఆడుకునే పిల్లలట, ఆటంటే ఏంటో తెలియదట.

బస్సెక్కి ఇంటిదారి పట్టాం. గూడూరు దాటాక పొడుగు పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది.

“పడాలంటే భయమేసింది మేడమ్. ఆ నేల కొరకతా ఉండాది.”

అధికారి చెప్పినదాంట్లో సగం నిజమని ఆ మాటతో ఒప్పుకోక తప్పలేదు. శిబిరం మూసెయ్యమనడం తప్పు. ఇసుక ఒక్కటే చాలదన్నది మాత్రం తప్పు కాదు. నేను ఆయనతో పోట్లాడటంలో పడి ఆ రెండోది వినలేదు. ఆ చెక్కుకుపోయిన మోకాళ్లకు నా మొండితనం కూడా ఒక కారణం. మొండితనం వదులుకోవాలని అనిపించలేదు గానీ, దానికి ఇంకొంచెం తెలివి తోడు కావాలనిపించింది.

ఆ మాట మా నాన్నతో చెప్పాను. ఆయనకు కబడ్డీ సంగతి తెలియదు, నేల సంగతి తెలుసు. కళ్లం చేసినట్టు చెయ్యి, అన్నాడు. వరి నూర్చడానికి పొలంలో ఒక మూల చదును చేసి, మట్టి తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి నేలను గట్టి చేస్తారే, అట్లా. గింజ మట్టిలో దిగకూడదు, అట్లాగని నేల రాయిలాగా ఉండి గింజ పగలకూడదు. మనిషి పడినా ఫరవాలేని గట్టితనం అదే అన్నాడు.

మరుసటి వేసవి శిబిరం అడగకుండానే పని మొదలుపెట్టాను. వేట లేక ఇళ్ల దగ్గర ఉన్న తండ్రులను బడికి పిలిచి, మట్టి మోయడానికి సాయం అడిగాను. ఆడపిల్లల ఆటకు కోర్టా అని కొందరు నవ్వారు. పొడుగు పిల్ల తండ్రి నవ్వలేదు. మరుసటి రోజు గంప తీసుకుని వచ్చాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు వచ్చారు.

మొదటి ప్రయత్నం మట్టిపాలయింది. దగ్గర్లో దొరుకుతుందని, వేసవికి ఎండిన ఉప్పు నేల నుంచి నల్లమట్టి తెచ్చి పరిచాం. వారం తిరగకముందే దాని మీద తెల్లగా ఉప్పు పొంగి, పొరలు పొరలుగా లేచిపోయింది. మా నాన్న ఫోనులో నవ్వి, తీపినీళ్ల చెరువు మట్టి తెమ్మన్నాడు. వేసవిలో చెరువులో పూడిక తీసే రైతులను బతిమాలి రెండు ట్రాక్టర్ల మట్టి తెప్పించాం. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఇసుక, కొంచెం ఊక కలిపాం. బడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని, పాలెం ఆడవాళ్లు తాగునీటి ట్యాంకు దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించారు. దిమ్మిసలు రెండే దొరికాయి. మిగతాదంతా పిల్లల కాళ్లే. పద్నాలుగు మందీ చేతులు పట్టుకుని, కూత పెడుతూ, చెమ్మ ఆరని మట్టిని తొక్కారు. ఒక సాయంత్రం శ్రీహరికోట వైపు నుంచి రాకెట్టు లేచింది. బడి కిటికీలు గడగడలాడాయి. పిల్లలు ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ తొక్కడంలో పడ్డారు.

పేడతో అలికి, సున్నంతో గీతలు గీసిన రోజు సాయంత్రం ఊరి కుర్రవాళ్లు పదిమంది వాలీబాల్ నెట్టుతో, రెండు కర్రలతో వచ్చారు. ఆ చుట్టుపక్కల అంత చదునైన గట్టి నేల ఇంకెక్కడా లేదు మరి. గుంట తవ్వడానికి గడ్డపార కూడా తెచ్చుకున్నారు. ఇది ఆడపిల్లల కోర్టని చెప్పాను. వాళ్లు పొద్దున ఆడుకుంటారు గదా, సాయంత్రం మేం ఆడుకుంటాం అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒకసారి నెట్టు కట్టాక పొద్దున కూడా మా పిల్లలు పక్కకు తప్పుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు. నేను పుట్టిన ఊళ్లో అట్లాగే జరిగింది. గట్టిగా వాదిద్దామనుకునేంతలో పొడుగు పిల్ల పోయి కోర్టు నడిమధ్యలో కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు మిగిలిన పిల్లలూ కూర్చున్నారు. నేనూ వెళ్లి కూర్చున్నాను.

“ఈ మట్టి తొక్కింది మేము. మీరొకరన్నా గంప పట్టినారా?” అంది ఆ పిల్ల.

వాళ్లలో ఒకడు గడ్డపార తీసి గీత పక్కన దించాడు. ఒక పెళ్ల లేచింది. అప్పుడు ఆ పిల్ల తండ్రి దిబ్బ దిగి వచ్చాడు. ఊళ్లో ఆయన మాటకు విలువుంది. కుర్రవాళ్లు తమ వైపు మాట్లాడతాడనే అనుకున్నారు. నిజానికి నేనూ అట్లాగే అనుకుని భయపడ్డాను. ఆయన గడ్డపార పెరికి తన భుజాన వేసుకున్నాడు. లేచిన పెళ్లను కాలితో అణిచాడు.

“మీకు కావాలంటే ఇంగోటి చేసుకోండి. మట్టి ఏడ దొరకతాదో నేను చూపిస్తా.”

వాళ్లు గొణుక్కుంటూ పోయారు. ఆ ఏడాది వాళ్లు ఇంకో కోర్టు చేసుకోలేదు. ఆ పై ఏడు చేసుకున్నారు, మా దానికన్నా బాగా.

ఆ వేసవి సగం రోజులు ఇసుకలో, సగం రోజులు మా కోర్టు మీద ఆడించాను. పడటం భయం పోగొట్టడానికి ఇసుక, ఆపుకోవడం నేర్పడానికి మట్టి. నెల్లూరు పోటీల్లో ఇసుకలో పెరిగిన పిక్కల బలమేంటో అవతలి వాళ్లకు తెలిసింది. రెండు ఆటలు గెలిచాం. ఆఖరి ఆటలో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. పొడుగు పిల్లను జిల్లా జట్టులోకి తీసుకున్నారు. మొదటి ఏడు మా గురించి ఎగతాళిగా మాట్లాడిన కోచ్ వచ్చి, పిల్లలకు ఏం తినిపిస్తున్నావమ్మా అని అడిగాడు. చద్దన్నం అన్నాను.

కొన్నాళ్లకు ఆ అధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి తెల్లవారుజామునే వచ్చాడు. బూట్లు విప్పి మా కోర్టు మీద అటూ ఇటూ నడిచాడు. మడమతో నొక్కి చూశాడు. ఏమేం కలిపారో అడిగి తెలుసుకున్నాడు. టైముల సంగతి తను కాగితంలో మార్చలేడట, కానీ ఇకమీద అడగడట. అడగకపోవడం నాకు చాలదు, మార్చమని ఏటా రాస్తాను అన్నాను. రాయండి, అన్నాడు. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. వాళ్లు ఇప్పటికీ మార్చలేదు. శిబిరం మాత్రం తిరిగి మంజూరైంది, గుడ్లతో సహా.

కార్తీక మాసపు వానలకు ఆ కోర్టు నిలవదు. తుపాను పట్టిన ఏడు మొత్తం కొట్టుకుపోతుంది, లేని ఏడు సగం పోతుంది. మొదటిసారి పోయినప్పుడు ఆ బురద గుంట చూసి నాకు ఏడుపొచ్చింది. సిమెంటు వేయించమని ఒకాయన సలహా ఇచ్చాడు. సిమెంటు మీద పడిన పిల్లను ఆయన లేపుతాడా? ఏటా వేసవిలో మళ్లీ చెరువు మట్టి తెస్తాం, మళ్లీ తొక్కుతాం. వాన పని వాన చేస్తుంది, మా పని మేం చేస్తాం. ఇప్పుడు కొత్త పిల్లలకు కబడ్డీ కన్నా ముందు కోర్టు చెయ్యడమే నేర్పుతున్నాను.

పొడుగు పిల్ల ఇప్పుడు ఆటల టీచరు కావడానికి చదువుతోంది. మే నెల వస్తే పాలెం వచ్చి శిబిరంలో నాతో పాటు నేర్పుతుంది. అవ్వ పోయి రెండేళ్లయింది. ఈ ఏడు శిబిరం మొదలైన రోజు సాయంత్రం ఐదింటికి నేను ఈల తీశాను. అవ్వ పోయినప్పటి నుంచి ఆ వేళకే మొదలుపెడుతున్నాను, చాలా రోజులు అప్పటికి గాలి తిరిగి ఉండేది. ఆ పిల్ల అడ్డం వచ్చింది.

“ఇప్పుడు వద్దు మేడమ్. గాలి ఇంకా తిరగలేదు.”

ఏటా ఈ టైముకే కదా మొదలుపెడుతున్నాం, పిల్లలు ఎదురుచూస్తున్నారు అన్నాను. అన్నాక నా గొంతు నాకే ఆ జిల్లా కాగితంలాగా వినిపించింది.

“మునుపటి మాదిరి లేదు మేడమ్. ఇప్పుడు ఆలిస్యంగా తిరగతా ఉండాది. వారం నుంచి చూస్తా ఉండా. ఆరింటికి మొదలుపెట్టి, చీకటి పడేదాకా ఆడిద్దాం. మీరు చెప్పిన టైము ఇప్పుడు పనికిరాదు.”

పిల్లలందరి ముందు ఆ మాట అనేసరికి నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల పక్కకు తప్పుకోలేదు, కళ్లు దించలేదు. నేనే ఈల జేబులో పెట్టుకుని పడవ నీడకు పోయి కూర్చున్నాను. ఆమె పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, గీత దగ్గర పాదం ఎట్లా పెట్టాలో వేలితో ఇసుకలో గీసి చూపించడం మొదలుపెట్టింది. ఆరు దాటాక లేచి నన్ను అడగకుండానే ఆట మొదలుపెట్టింది.